ఇంజనీరింగ్‌లో పాస్, వాడకంలో ఫెయిల్: తొలి అంతరిక్ష యాత్రల్లో మలమూత్రాల సమస్య

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో యాత్రలు ముగిశాక, 1975లో, నాసా ఆ యాత్రల వైద్య ఫలితాలన్నిటినీ కలిపి ఒక పెద్ద నివేదిక ప్రచురించింది. మలమూత్రాల సేకరణకు అందులో ఒక అధ్యాయం కేటాయించారు. ఇంజనీరింగ్ పరంగా ఆ ఏర్పాట్లు సంతృప్తికరంగానే పనిచేశాయట. వాడినవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం తక్కువ మార్కులే వెయ్యాలట. నాసా తన గురించి తానే రాసుకున్న మాట ఇది.

ఒకే వస్తువుకు రెండు తీర్పులు వచ్చాయంటే కొలిచిన కొలబద్దలు వేరన్నమాట. బరువు పెరగలేదు, కరెంటు ఖర్చు కాలేదు, చెడిపోయే యంత్రం అసలే లేదు. ఆ లెక్కన పాస్. కానీ వ్యోమగాముల ఇబ్బంది ఇబ్బందితోనే ఆగిపోలేదు. తిండి తగ్గించింది, నీళ్లు తగ్గించింది, ఒక యాత్రలో మనిషిని జ్వరాన పడేసింది. అందుకే ఈ రెండు తీర్పుల్లో రెండోదే అసలైనదని నమ్మాలి.

ముందుగా చిక్కు ఎక్కడుందో చూడాలి. నేల మీద మనం గమనించం గానీ, కాలకృత్యాల్లో సగం పని గురుత్వాకర్షణ చేసిపెడుతుంది. మూత్రం కిందికి పడుతుంది, మలం ఒంటి నుంచి విడిపోతుంది, నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది. భారరహిత స్థితిలో ఇవేవీ జరగవు. ద్రవం తలతన్యత వల్ల గుండ్రని బొట్లుగా మారి తేలుతుంది, లేదా తగిలిన చర్మానికే అతుక్కుని పాకుతుంది. మలం తనంతట తాను విడిపోదు. వాసన కూడా చెదిరిపోదు, ఎందుకంటే కిటికీ తీసే వీలు లేదు. గురుత్వాకర్షణ చేసే పనిని అక్కడ ఇంకేదో చెయ్యాలి. ఆ ఇంకేదో గాలి ప్రవాహమని ఈరోజు అందరికీ తెలుసు. ఫ్యానుతో గాలిని లోపలికి లాగితే దానితోపాటే వ్యర్థమూ పోతుంది. అయితే ఫ్యానుకు బరువుంటుంది, కరెంటు కావాలి, చోటు కావాలి. అమెరికా తొలి నౌకల్లో ఈ మూడింటికీ వీలు లేదు. దాంతో ఆ పని చేతివేళ్ల మీద పడింది.

అసలు ఈ విషయాన్ని తొలి రోజుల్లో పట్టించుకోకపోవడానికి కారణం కాలాన్ని లెక్కపెట్టిన తీరు. 1961 మే 5న అలాన్ షెపర్డ్ మెర్క్యురీ (అమెరికా తొలి మానవ అంతరిక్ష కార్యక్రమం) కింద చేసిన యాత్ర నిడివి 15 నిమిషాలు. పావుగంట కోసం మూత్రం ఏర్పాటు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ షెపర్డ్ తెల్లవారుజామున 5 గంటలు దాటగానే క్యాప్సూల్‌లోకి ఎక్కాడు. రాకెట్ పైకి లేచింది 9:34కి. మధ్యలో మబ్బులు, పరికరాల్లో చిన్న చిన్న లోపాలు, ఆగిన కౌంట్‌డౌన్లు. నాలుగు గంటలకు పైగా వెల్లకిలా పడుకుని, సీలు వేసిన సూట్‌లో ఉన్న మనిషికి మూత్రం రాకుండా ఎలా ఉంటుంది? బయటికి తీసి మళ్లీ ఎక్కిస్తే ఆరోజుకి ప్రయోగం పోయినట్టే. సూట్‌లోనే కానిచ్చేస్తానని అడిగాడు. ఒంటికి అతికించిన వైద్య సెన్సార్లు తడిసి షార్ట్ అవుతాయేమోనని కింద ఉన్నవాళ్లకు టెన్షన్. చివరికి సరేనన్నారు. కాళ్లు పైకి, నడుము కిందికి ఉండే భంగిమ కాబట్టి తడి అంతా వీపు వైపు పారింది. లోపలి నూలు బట్ట పీల్చుకుంది, సూట్‌లో తిరిగే ఆక్సిజన్ కొంత ఆరబెట్టింది. అమెరికా తరఫున రోదసిలోకి వెళ్లిన మొదటి మనిషి తడి బట్టలతోనే వెళ్లాడు.

ఇక్కడ తప్పింది పరికరం కాదు, లెక్క. శరీరానికి యాత్ర మొదలయ్యేది రాకెట్ లేచినప్పుడు కాదు, సూట్ మూసినప్పుడు. జూలైలో వెళ్లిన గస్ గ్రిస్సమ్ కోసం అప్పటికప్పుడు రెండు పొరల రబ్బరు ప్యాంటు లాంటిది సిద్ధం చేశారు.

అదే కాలంలో సోవియట్‌లు ఇంకో దారి పట్టారు. గగారిన్ యాత్ర కూడా చిన్నదే, 108 నిమిషాలు. అయినా వోస్తోక్ నౌకలో గాలి ప్రవాహంతో పనిచేసే పారిశుద్ధ్య పరికరం మొదటి నుంచీ ఉంది. మానవీయ దృష్టి ఎక్కువై పెట్టింది కాదది. నౌకకు కిందికి దించే రాకెట్ ఒక్కటే ఉండేది. అది మండకపోతే వాతావరణపు రాపిడికి కక్ష్య తగ్గి నౌక దానంతటది కిందికి రావాలి, అందుకు పది రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి ఆహారం, గాలి, నీళ్లు పది రోజులకు సరిపడా పెట్టారు. పది రోజులు అనుకున్నాక మరుగుదొడ్డి గురించి ఆలోచించక తప్పదు. చెడు జరిగితే ఏమిటన్న ప్రశ్న వేసుకున్నవాళ్లకు జవాబు ముందే దొరికింది. (గగారిన్ ప్రయోగ వేదికకు వెళ్తూ దారిలో బస్సు ఆపించి, వెనక చక్రం దగ్గర మూత్రం పోశాడని చెబుతారు. బైకనూర్ నుంచి వెళ్లే వ్యోమగాములు దాన్ని ఆనవాయితీగా పాటిస్తూ వచ్చారు.) అదే ఏడాది ఆగస్టులో గెర్మన్ తితోవ్ 25 గంటలు పైన గడిపాడు. 1963 జూన్‌లో వలెంతీనా తెరెష్కోవా దాదాపు మూడు రోజులు ఉంది, ఆమె కోసం ఆ పరికరాన్ని మహిళకు సరిపడేలా మార్చారు.

అమెరికాలో అసలైన మూత్ర సేకరణ పరికరంతో వెళ్లినవాడు జాన్ గ్లెన్. 1962 ఫిబ్రవరి 20న 4 గంటల 55 నిమిషాలు. కండోమ్ తరహా రబ్బరు తొడుగు, దానికి గొట్టం, చివర సంచి. గ్లెన్ ఒకేసారి సుమారు 800 మిల్లీలీటర్లు పోశాడు. మామూలుగా అందులో సగం చేరేసరికే మనకు గట్టిగా తెలుస్తుంది. నేల మీద మూత్రం ఒంట్లోని మూత్రాశయం అడుగున చేరి ఒత్తిడి పెడుతుంది, ఆ ఒత్తిడే మెదడుకు కబురు పంపుతుంది. భారం లేనప్పుడు ద్రవం అడుగుకు చేరదు కాబట్టి, దాదాపు నిండేదాకా కబురు సరిగ్గా అందదు. ఇది తెలియడం వైద్యులకు ముఖ్యం. రోదసిలో మూత్రం వస్తున్నట్టు అనిపించేదాకా ఆగకూడదు, గడియారం చూసి వెళ్లాలి అన్న అలవాటు ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది.

1963 మేలో గోర్డన్ కూపర్ 34 గంటలు తిరిగాడు. సూట్‌లోని సంచి నుంచి నిల్వ సంచుల్లోకి మూత్రాన్ని సిరంజి లాంటి చేతి పంపుతో తోడాలి. అది సరిగ్గా పనిచేయలేదు, కారింది, చుక్కలు తేలాయి. యాత్ర చివర్లో ఆటోమేటిక్ నియంత్రణ వ్యవస్థ మొరాయించింది. కూపర్ చేతి గడియారం చూసుకుంటూ, కిటికీలోంచి దిక్కు సరిచూసుకుంటూ స్వయంగా నౌకను కిందికి దించాడు. ప్లగ్గుల్లోకి చేరిన తడి వల్ల షార్ట్ సర్క్యూట్ అయిందని తర్వాత తేలింది. చెమట, ఆవిరి, కారిన నీళ్లు, మూత్రం, ఏదైనా సరే, మూసిన క్యాబిన్‌లో తేలే ప్రతి చుక్కా చివరికి ఎక్కడో ఒకచోట వాలాల్సిందే. ఇది పరిశుభ్రతకు సంబంధించిన విషయం మాత్రమే కాదని అప్పటికే తెలిసిపోవాల్సింది.

ఇంతవరకూ మూత్రమే. మెర్క్యురీలో రెంటికి వెళ్లే అవసరం రాకుండా ముందే జాగ్రత్త పడ్డారు. పీచు తక్కువగా ఉండే భోజనం కొన్ని రోజుల ముందు నుంచీ పెట్టేవారు. ప్రయోగం రోజు ఉదయం స్టీక్, గుడ్లు తినే సంప్రదాయం వెనక ఉన్న లెక్క అదే, పేగుల్లో మిగిలేది తక్కువ. ఒక రోజు యాత్రకు ఈ ఉపాయం నడుస్తుంది. 1965లో ఇద్దరేసి వెళ్లే జెమినీ యాత్రలు మొదలయ్యాక నడవలేదు. నాలుగు రోజులు, ఎనిమిది రోజులు, డిసెంబర్‌లో జెమినీ 7కి ఏకంగా 14 రోజులు. సుమారు రెండున్నర ఘనమీటర్ల చోటులో ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్ పక్కపక్కన.

మలం కోసం వాళ్లకిచ్చిన సంచిని కాస్త దగ్గరగా చూడాలి. సన్నని ప్లాస్టిక్ సంచి, మూతి చుట్టూ జిగురు ఉన్న వెడల్పు అంచు. జిగురు మీది కాగితం తీసి పిరుదులకు గాలి చొరకుండా అతికించుకోవాలి. వెంట్రుకలతో సహా అతుక్కుంటుంది. సంచి గోడలోనే వేలు దూర్చుకోవడానికి తొడుగు లాంటి భాగం ఉంటుంది. మలం దానంతటది విడిపోదు కాబట్టి ఆ తొడుగులో వేలు పెట్టి ఒంటి నుంచి వేరుచేసి సంచి అడుగుకు నెట్టాలి. తర్వాత తుడుచుకున్న కాగితాలూ అందులోనే వెయ్యాలి. సంచి తీసేటప్పుడు ఏదీ బయటికి జారకుండా చూసుకోవాలి. అంతటితో అయిపోదు. క్రిమిసంహారక మందు పొట్లం సంచిలో వేసి, మూతి మూసి, బయటి నుంచి చపాతీ పిండి పిసికినట్టు పిసకాలి, మందు లోపలంతా కలిసేదాకా. కలవకపోతే బ్యాక్టీరియా గ్యాసు పుట్టించి సంచి ఉబ్బి పగలవచ్చు. అప్పుడు చుట్ట చుట్టి ఇంకో సంచిలో పెట్టి, దాన్ని గూట్లో దాచి ఇంటికి తీసుకురావాలి. ఇదంతా పక్క సీట్లో ఇంకో మనిషి ఉండగానే. చేతులు కడుక్కోవడానికి నీళ్ల కుళాయి లేదు, తడి తుడుపు కాగితాలే.

బోర్మన్ ఈ సంచి వాడకుండా తొమ్మిది రోజులు ఆగాడని చెబుతారు. అంతటి క్రమశిక్షణ ఉన్న పైలట్ అంతకాలం వాయిదా వేశాడంటే, అది ఆ సంచి మీద వచ్చిన అతి నిజాయితీ గల సమీక్ష. పైగా జెమినీ 7లో మూత్రాన్ని ఊరికే పారబోస్తే సరిపోదు. ఎముకల్లోంచి కాల్షియం ఎంత పోతోందో తెలుసుకోవాలని వైద్యులు లెక్క అడిగారు. ప్రతిసారీ మొత్తం ఎంతో తెలియాలంటే, కొద్ది మోతాదులో ట్రిటియం (రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్ రకం) కలిపిన నీళ్లు అందులో వేసి, కలిశాక చిన్న నమూనా తీసి సీలు వెయ్యాలి. కిందికి వచ్చాక నమూనాలో ట్రిటియం ఎంత పలచబడిందో చూసి మొత్తం పరిమాణం గణిస్తారు. ఆలోచన చక్కనిదే, కారే గొట్టాలతో రెండు వారాలు చెయ్యాల్సిన మనిషికే కష్టం.

మిగిలిన మూత్రాన్ని బయటికి వదిలేవారు. వేడిచేసిన చిన్న నాజిల్ లోంచి శూన్యంలోకి పంపితే క్షణంలో మంచు స్ఫటికాలై చెదిరిపోతుంది. సూర్యకాంతి పడ్డప్పుడు అవి నక్షత్రాల్లా మెరుస్తాయి, రోదసిలో చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటని పలువురు వ్యోమగాములు చెప్పారు. ఆ అందానికి ధర ఉంది. అపోలో నౌకలు నక్షత్రాలను చూసి దారి సరిచూసుకునేవి. చుట్టూ మెరిసే కణాలుంటే టెలిస్కోపులో అసలు నక్షత్రం ఏదో తెలియదు. కాబట్టి మూత్రం వదిలే వేళనూ నక్షత్రాల పనికి అడ్డం రాకుండా చూసుకోవాల్సి వచ్చేది.

అపోలోలో చోటు పెరిగింది, ముగ్గురికి ఆరు ఘనమీటర్లు. సంచి మాత్రం అదే. ఒకసారి వెళ్లిరావడానికి సుమారు 45 నిమిషాలు పట్టేది. బట్టలన్నీ విప్పెయ్యండి, గంట సమయం పెట్టుకోండి, టిష్యూలు దండిగా ఉంచుకోండి అని అపోలో 7 బృందం తమ అనుభవం రాసింది. నిమిష నిమిషానికీ పని ఉన్న యాత్రలో గంట పెద్ద మాట. మందుల పెట్టెలో విరేచనాలు ఆపే మందు ఉండేది. తిండి తగ్గిస్తే, పేగుల్ని నెమ్మదింపజేస్తే సంచి అవసరం తగ్గుతుందన్న లెక్క వ్యోమగాముల మనసులో ఉండకుండా ఎలా ఉంటుంది? అపోలో బృందాలు చాలావరకు అనుకున్నదానికన్నా తక్కువ తిని, బరువు తగ్గి వచ్చాయి. వికారం, రుచిలేని ఆహారం, పని ఒత్తిడి లాంటి కారణాలు చాలా ఉన్నాయి, వాటి మధ్య ఈ సంచికీ చోటుంది.

1968 డిసెంబర్‌లో అపోలో 8 చంద్రుడి వైపు బయల్దేరిన మొదటి రోజునే బోర్మన్‌కు వాంతులు, విరేచనాలు. నిద్రమాత్ర వేసుకుని పడుకుని లేచాక మొదలైంది. క్యాబిన్‌లో బొట్లు తేలుతుంటే తోటి వ్యోమగాములు లోవెల్, ఆండర్స్ కాగితపు తువ్వాళ్లు పట్టుకుని వెంటపడి ఏరారు. మనుషులు చంద్రుడి దాకా వెళ్లిన తొలి ప్రయాణం మొదటి రోజు అలా గడిచింది. 1969 మేలో అపోలో 10 చంద్రుడి దగ్గరున్నప్పుడు మలం ముక్క ఒకటి గాల్లో తేలుతూ కనిపించింది. కమాండర్ టామ్ స్టాఫర్డ్ న్యాప్‌కిన్ ఇమ్మని అడగడం, నాది కాదంటే నాది కాదని జాన్ యంగ్, జీన్ సెర్నన్ చెప్పడం నౌకలోని రికార్డర్‌లో ఉండిపోయాయి. చదివినవాళ్లు నవ్వుతారు, నవ్వొచ్చే సంభాషణే. కానీ ఆ ముక్క ఒక స్విచ్ వెనకో, గాలి వడపోత మీదో వాలి ఉంటే అది వైద్య సమస్య, విద్యుత్ సమస్య కూడా.

వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అపోలో 13. 1970 ఏప్రిల్ 13న ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురూ చంద్రుడి మీద దిగే చిన్న నౌకలోకి మారి, ఉన్నదంతా పొదుపు చేస్తూ భూమి వైపు మళ్లారు. మూత్రం బయటికి వదిలితే అది అతి చిన్న రాకెట్‌లా పనిచేస్తుంది, నౌక దారి కొద్దిగా మారుతుంది. దారిని కచ్చితంగా కొలవాల్సిన సమయం కాబట్టి పారబొయ్యవద్దని హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రం చెప్పింది. కొద్దిసేపటికని వాళ్ల ఉద్దేశం. పైన అలసిపోయి, చలికి వణుకుతున్న ముగ్గురూ ఇంటికి చేరేదాకా అని అర్థం చేసుకున్నారు. దొరికిన ప్రతి సంచిలో మూత్రం నింపి క్యాబిన్‌లో పేర్చారు. మరోపక్క నీళ్లు పరికరాలను చల్లబరచడానికి కావాలి కాబట్టి ఒక్కొక్కరు రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లతో సరిపెట్టుకున్నారు. మన మామూలు గ్లాసుడు. ఫ్రెడ్ హేజ్‌కు మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో వణుకుతూ భూమికి చేరాడు. ముగ్గురూ కలిసి దాదాపు 14 కిలోలు తగ్గారు.

పేలుడుకూ మూత్రానికీ సంబంధం లేదు. కానీ పేలుడు తర్వాత బతికి బయటపడే లెక్కల్లో మూత్రం ఎన్ని చోట్ల అడ్డం వచ్చిందో చూడండి. దారి, నీళ్లు, నిల్వ చోటు, ఆరోగ్యం, చివరికి భూమికీ నౌకకూ మధ్య మాటల్లో జరిగిన పొరపాటు. దీన్ని పక్కన పెట్టదగ్గ చిన్న విషయంగా చూడడం ఎంత తప్పో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

చంద్రుడి మీద సూట్‌లో ఏడు గంటలకు పైగా నడిచిన సందర్భాలున్నాయి, అపోలో 17లో మూడుసార్లూ అంతే. మూత్రానికి సూట్‌లోపల లీటరుకు కాస్త తక్కువ పట్టే సంచి, మలానికి పీల్చుకునే గుడ్డ ఉన్న లోదుస్తు. తిరిగొచ్చేటప్పుడు పైకి లేచే నౌక బరువులో ప్రతి కిలో లెక్కే. ఆరు యాత్రల్లో కలిపి 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. బదులుగా చెత్త సంచులు అక్కడే వదిలేశారు. వ్యర్థాలున్న సంచులు మొత్తం 96 అని తరచూ చెప్పే లెక్క. యాభై ఏళ్ల ఎండకు, రేడియేషన్‌కు ఆ సంచుల్లో బ్యాక్టీరియా బతికి ఉందా, చచ్చిందా, ఎంతకాలం నిలిచింది అన్నది జీవశాస్త్రవేత్తలకు నిజంగా విలువైన ప్రశ్న. ఎవరూ కావాలని పెట్టని ప్రయోగం అది.

ఈ పరికరాలన్నీ మగ శరీరం కొలతలకే తయారయ్యాయన్నది కూడా చెప్పుకోవాలి. సోవియట్‌లు 1963లోనే మార్చి చూపించిన పరికరం గురించి అమెరికా 1978లో మహిళలను వ్యోమగాములుగా తీసుకున్నాకే గట్టిగా ఆలోచించింది. తొడుగూ గొట్టమూ పనికిరావని తేలి, పీల్చుకునే లోదుస్తు తయారుచేశారు. తర్వాత అదే సులువని మగవాళ్లూ దానికే మారారు. మినహాయింపుగా చూసిన శరీరం కోసం వెతికిన జవాబు అందరికీ మెరుగైన జవాబైంది.

అమెరికాకు గాలి ప్రవాహంతో నడిచే మరుగుదొడ్డి 1973లో తన తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌తో వచ్చింది. గోడకు బిగించిన సీటు, లోపలికి లాగే ఫ్యాను, ఒక్కొక్కరికీ విడివిడి మూత్రపు సొరుగులు. మూడు బృందాలు 28, 59, 84 రోజులు ఉన్నాయి. మలాన్ని శూన్యంలో ఆరబెట్టి, మూత్రం నమూనాలను గడ్డకట్టించి కిందికి తెచ్చారు. చోటు, కరెంటు దొరకడం ఒక కారణమైతే, ఎముకలూ కండరాలూ ఏమవుతున్నాయో తెలుసుకోవడానికి వైద్యులకు ప్రతి గ్రామూ కావాల్సి రావడం ఇంకో కారణం. వ్యోమగామి ఇబ్బంది పదేళ్లలో సాధించలేనిది శాస్త్రం అవసరం సాధించింది.

సంచి అంతటితో పోలేదు. 1984లో డిస్కవరీ షటిల్ మొదటి యాత్రలో మూత్రం బయటికి పోయే రంధ్రం దగ్గర పెద్ద మంచు గడ్డ కట్టింది. దిగేటప్పుడు అది విరిగి నౌకను దెబ్బతీస్తుందని భయపడి రోబో చేతితో కొట్టి రాల్చారు. మళ్లీ గడ్డ కట్టకుండా మూత్రం పారబొయ్యడం ఆపేశారు. ట్యాంకులో మిగిలిన చోటు కొంచెమే కాబట్టి మగవాళ్లు అపోలో కాలపు సంచులు బయటికి తీశారు.

2020 అక్టోబర్‌లో కల్పనా చావ్లా పేరు పెట్టిన సిగ్నస్ సరుకు నౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఒక కొత్త మరుగుదొడ్డిని మోసుకెళ్లింది. మునుపటికన్నా చిన్నది, తేలిక, మహిళలకూ సులువుగా ఉండేలా మలిచింది. చంద్రుడి వైపు వెళ్లే ఒరాయన్ నౌక కోసమూ ఇదే నమూనా. అయితే ఒరాయన్ క్యాబిన్‌లో గాలి పోతే ఆ మరుగుదొడ్డి ఉన్నా లేనట్టే, సూట్ విప్పే వీలుండదు. ఇంటికి చేరేదాకా ఆరు రోజులు, అంటే 144 గంటలు, సూట్‌లోనే బతకాలన్నది లెక్క. అందుకోసం నాసా 2016లో 30 వేల డాలర్ల బహుమతులతో బహిరంగ పోటీ పెట్టింది. మొదటి బహుమతి అమెరికా వైమానిక దళ వైద్యుడు ఒకరికి వచ్చింది. సూట్‌కు తొడల మధ్య గాలి చొరని చిన్న ద్వారం పెట్టి, దాని గుండా మడతపెట్టిన సంచినో డైపర్‌నో లోపలికి పంపి, పని అయ్యాక బయటికి లాగే పద్ధతి ఆయనది.